ఎడ్వార్డ్ లూకాస్: ముప్ఫై తొమ్మిది అంకెల సంఖ్యను సాధించిన లెక్కల మాష్టారు

రాజ్యాలు గెలిచిన రాజుల గురించీ, ప్రజల కోసం త్యాగాలు చేసిన నాయకుల గురించీ, గొప్ప కవుల గురించీ మనం తరచు చదువుకుంటూనే వుంటాము. వార్షిక సంచికల్లో అటువంటి వారి జీవితాలకు చోటు దొరకడం సహజమే. ఈసారి మేము ఒక లెక్కల మాష్టారి జీవితాన్ని సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు పెట్టదలచుకున్నాము. ఆయన పేరు ఎడ్వార్డ్ లూకాస్. దేశం ఫ్రాన్సు. విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం ఆయనకు దక్కలేదు. జీవితమంతా ఉన్నత పాఠశాలల్లో పిల్లలకు లెక్కలు చెబుతూ గడిపారు. అలా చెబుతూనే 1876లో 39 అంకెల ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అని తేల్చి చెప్పారు. అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్యను ఆ తరువాత 75 సంవత్సరాల దాకా, అంటే 1951 వరకు, ప్రపంచంలో ఎవ్వరూ చూపలేకపోయారు. యంత్రం సాయం లేకుండా చేతితో లెక్క కట్టి నిరూపించిన వాటిలో ఈ నాటికీ అదే పెద్దది.

లెక్కలంటే భయపడేవారు పేజీ తిప్పేయవద్దని మా మనవి. కూడిక, గుణకారం, భాగహారంలో శేషం, ఇవి తెలిసిన ఏడో తరగతి పిల్లవాడికి కూడా ఈ కథ అర్థమవుతుంది.

ప్రధాన సంఖ్య అంటే ఏమిటి?

1 తోను, తనతోను తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2, 3, 5, 7, 11, 13 అలాంటివి. 15 అలాంటిది కాదు, ఎందుకంటే అది మూడైదులు. ఏ సంఖ్యనైనా విడగొడుతూ పోతే చివరకు మిగిలేవి ప్రధాన సంఖ్యలే. గోడకు ఇటుకలు ఎలాగో సంఖ్యలకు అవి అలాగ. వీటికి అంతం లేదని 2300 ఏళ్ళ క్రితమే గ్రీకు పండితుడు యూక్లిడ్ నిరూపించారు. అయితే అంతం లేదని తెలియడం వేరు, ఫలానా పెద్ద సంఖ్య ప్రధానమా కాదా అని చెప్పగలగడం వేరు.

ఈ విచారణలో అరబ్బు పండితుల పాత్ర కూడా వుంది. బస్రాలో పుట్టి, కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైతమ్ (965–1040 ప్రాంతం) ఒక చిక్కు లెక్కను విప్పారు. 2, 3, 4, 5, 6 లలో దేనితో భాగించినా 1 మిగలాలి, 7 తో మాత్రం నిశ్శేషంగా పోవాలి. అలాంటి సంఖ్య ఏది? ఆయన చెప్పిన దారి ఇది: 1 నుంచి 6 వరకు సంఖ్యలను గుణించండి, 720 వస్తుంది, 1 కలపండి, 721. చూడండి, 721 అంటే 7 × 103. ఈ కిటుకు 7కే కాదు, ప్రతి ప్రధాన సంఖ్యకూ పనిచేస్తుంది, ప్రధానం కాని వాటికి పనిచేయదు. అంటే ఒక సంఖ్య ప్రధానమా కాదా అని గుర్తించే లక్షణం ఇది. ఐరోపాలో ఇది 18వ శతాబ్దంలో విల్సన్ సిద్ధాంతం అనే పేరుతో ప్రసిద్ధమైంది. లక్షణం చక్కనిదే గాని, పెద్ద సంఖ్యల దగ్గర దీనివల్ల పని జరగదు. అన్ని గుణకారాలు చేసే ఓపిక మనిషికీ లేదు, యంత్రానికీ లేదు. ఆ ఓపికకు లోబడే దారిని కనిపెట్టడమే లూకాస్ చేసిన మేలు.

బాల్యం, ఉద్యోగం, యుద్ధం

లూకాస్ 1842 ఏప్రిల్ 4న ఉత్తర ఫ్రాన్సులోని అమియాఁ పట్టణంలో జన్మించారు. చదువులో చురుకైన పిల్లవాడు. పారిస్‌లోని ప్రసిద్ధమైన ఎకోల్ నార్మాల్‌లో సీటు సంపాదించి, 1864లో చదువు పూర్తిచేశారు. తరువాత పారిస్ ఖగోళ పరిశోధనాలయంలో సహాయకునిగా చేరారు. అప్పుడు అక్కడ అధిపతి లెవెరియే. ఆకాశంలోకి చూడకుండా, కాగితం మీద లెక్క కట్టి నెప్ట్యూన్ గ్రహం ఎక్కడ వుండాలో చెప్పిన మహా గణకుడు ఆయనే. లెక్కతో కంటికి కనపడనిదాన్ని పట్టుకోవచ్చుననే పాఠానికి అంతకన్న మంచి బడి ఏముంటుంది?

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. లూకాస్ ఫిరంగి దళంలో అధికారిగా పనిచేశారు. ఫ్రాన్సు ఓడిపోయింది. యుద్ధం ముగిసిన తరువాత 1872లో మూలాఁ అనే చిన్న పట్టణంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునిగా కుదిరారు. రాజధాని నుంచి, పెద్ద గ్రంథాలయాల నుంచి, పండితుల గోష్ఠుల నుంచి దూరంగా వచ్చి పడ్డారన్నమాట. మరొకరైతే నిరుత్సాహపడి వుండేవారేమో. ఆయన తన జీవితంలోకెల్లా పెద్ద పనిని ఆ చిన్న వూళ్ళో వున్న రోజుల్లోనే చేశారు. తరువాత పారిస్‌లోని సెయింట్ లూయీ, షార్లమేన్ పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. మంచి ఉపాధ్యాయుడని, పిల్లలను నవ్విస్తూ నేర్పేవారని పేరు పొందారు.

సన్యాసి రాసిన జాబితా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 2 ను 2 తో పదే పదే గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసివేయండి. రెండు రెళ్ళు 4, ఒకటి తీస్తే 3. మూడు రెళ్ళు గుణిస్తే 8, ఒకటి తీస్తే 7. అయిదు రెళ్ళు గుణిస్తే 32, ఒకటి తీస్తే 31. ఏడింటికి 127. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. అయితే ఎల్లప్పుడూ ఇలాగే జరుగుతుందా? జరగదు. పదకొండు రెళ్ళు గుణించి ఒకటి తీస్తే 2047 వస్తుంది. అది 23 × 89.

పారిస్‌లో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి వుండేవారు. 1644లో ఆయన ఒక జాబితా ప్రకటించారు. రెళ్ళ లెక్క 257 దాటనంతవరకు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 ల దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్య వస్తుందని అందులో చెప్పారు. ఎలా తెలుసుకున్నారో చెప్పలేదు. ఆ జాబితా రెండు శతాబ్దాలకు పైగా గణిత పండితులకు సవాలుగా నిలిచింది. 1772లో ఆయిలర్ మహాశయుడు, చూపు దాదాపు పూర్తిగా పోయిన స్థితిలో, 31 వద్ద వచ్చే 2147483647 నిజంగానే ప్రధాన సంఖ్య అని తేల్చారు. అది పది అంకెల సంఖ్య. ఇంతకన్న పెద్దదాన్ని కనుక్కునే శ్రమ ఎవరూ పడరని 1811లో ఇంగ్లండులో పీటర్ బార్లో అనే గణిత రచయిత రాశారు కూడా.

మరి 127 సంగతి? 127 రెళ్ళు గుణించి ఒకటి తీస్తే వచ్చే సంఖ్య ఇది:

170 141 183 460 469 231 731 687 303 715 884 105 727

ఇది ప్రధానమా కాదా అని మామూలు పద్ధతిలో చూడాలంటే దీని వర్గమూలం దాకా వున్న సంఖ్యలతో భాగించి చూడాలి. ఆ వర్గమూలం సుమారు లక్షా ముప్ఫై వేల కోట్ల కోట్లు. క్షణానికి ఒక భాగహారం చొప్పున రాత్రింబవళ్ళు చేసినా, తెలిసిన అడ్డదారులన్నీ తొక్కినా, కోట్ల ఏళ్ళకు గాని పూర్తికాదు. ఈ కోట గోడను బద్దలు కొట్టడం అసాధ్యం. వేరే ద్వారం వెతకాలి.

కుందేళ్ళ లెక్కలో దొరికిన తాళం చెవి

ఆ ద్వారం లూకాస్‌కు ఎక్కడ దొరికిందో తెలిస్తే మనకు ముచ్చటేస్తుంది. 1, 1, 2, 3, 5, 8, 13, 21 అంటూ సాగే వరుస ఒకటుంది. ఏ సంఖ్య అయినా తన ముందున్న రెండింటి మొత్తం. పీసా నగరానికి చెందిన లియొనార్డో 1202లో రాసిన పుస్తకంలో కుందేళ్ళ సంతానం గురించిన లెక్కగా ఇది వస్తుంది. ఆ లియొనార్డోకే ఫిబొనాచి అని మరో పేరు. ఆయన తండ్రి ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియాలోని బిజాయా రేవులో, పీసా వర్తకుల తరఫున పనిచేసేవారు. బాల్యంలో అక్కడికి వెళ్ళిన లియొనార్డో భారతీయ అంకెలతో లెక్క చేసే పద్ధతిని అక్కడ నేర్చుకున్నారు. మన దేశంలో పుట్టిన ఆ అంకెల మీద బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంలో గ్రంథం రాశారు. అరబ్బుల చేతుల మీదుగా అవి బిజాయాకు, అక్కడి నుంచి పీసాకు చేరాయి. ఇంకొక విశేషం కూడా వుంది. లఘువులు, గురువులు కలిపి ఒక పాదాన్ని ఎన్ని విధాలుగా కట్టవచ్చునని లెక్కవేస్తూ మన ఛందశ్శాస్త్రజ్ఞులు ఇదే వరుసను ఫిబొనాచి కంటె ముందే చెప్పారు. హేమచంద్రుడు 1150 ప్రాంతంలోనే దీన్ని వివరించారు. విద్యకు వూరు లేదు, జాతి లేదు అనేది ఇందుకే.

ఆ వరుసను ఫిబొనాచి పేరుతో ప్రపంచానికి పరిచయం చేసినవారు లూకాసే. దాని తోబుట్టువు లాంటి 2, 1, 3, 4, 7, 11, 18 అనే మరో వరుసను కూడా ఆయన లోతుగా పరిశీలించారు. దాన్ని నేడు లూకాస్ సంఖ్యలు అంటున్నారు. ఈ వరుసల్లోని సంఖ్యలను ఏ ప్రధాన సంఖ్య ఎక్కడ నిశ్శేషంగా భాగిస్తుందో దానికి ఒక క్రమం వుందని ఆయన గమనించారు. మరి ఆ క్రమాన్ని తిరగేస్తే? ఫలానా చోట ఫలానా విధంగా భాగించే సంఖ్య ప్రధానమే అయి తీరాలి అని చెప్పవచ్చు కదా! దొరికిన తాళం చెవి అదే. కారణాంకాలను వెతకనక్కరలేదు. సంఖ్య నడవడికను బట్టి దాని గుణం చెప్పవచ్చు.

పరీక్ష ఎలా చేస్తారు?

మెర్సెన్ సంఖ్యల దగ్గర ఈ పరీక్ష ఆశ్చర్యం గొలిపేంత తేలికగా మారుతుంది. 127 అనే చిన్న సంఖ్యనే తీసుకుందాము. ఇది ఏడు రెళ్ళ గుణకారం నుంచి ఒకటి తీసినది.

3 తో మొదలుపెట్టండి. దాని వర్గం 9, అందులోంచి 2 తీసివేయండి, 7. మళ్ళీ వర్గం 49, రెండు తీస్తే 47. మళ్ళీ వర్గం 2209, రెండు తీస్తే 2207. ఇది 127 ను దాటింది కనుక 127 తో భాగించి శేషం మాత్రమే వుంచుకోండి. శేషం 48. దాని వర్గంలోంచి రెండు తీస్తే 2302, శేషం 16. పదహారు పదహార్లు 256, రెండు తీస్తే 254. అది సరిగ్గా రెండు 127లు, శేషం సున్న. మొదటి 3 తో కలిపి ఇది ఆరవ మెట్టు. ఏడు రెళ్ళ సంఖ్యకు ఆరవ మెట్టులో సున్న వచ్చింది కనుక 127 ప్రధాన సంఖ్య. అంతే, పరీక్ష పూర్తయింది. 127 ను దేనితోనూ భాగించి చూడలేదు, గమనించారా?

ఇదే విధంగా 127 రెళ్ళ సంఖ్యకు 126వ మెట్టులో సున్న రావాలి. అంటే 125 సార్లు వర్గం చేయాలి. కోట్ల ఏళ్ళ పని 125 మెట్లకు దిగివచ్చింది! కాని ఒక్కొక్క మెట్టు మీద 39 అంకెల సంఖ్యను 39 అంకెల సంఖ్యతో గుణించి, మళ్ళీ 39 అంకెల సంఖ్యతో భాగించాలి. ఎక్కడ ఒక్క అంకె తప్పినా చివరి ఫలితం బూడిదలో పోసిన పన్నీరే. మధ్యలో తప్పు జరిగిందని చెప్పేవారు కూడా ఎవరూ వుండరు.

చదరంగపు బల్ల

ఇక్కడ లూకాస్ మరో తెలివైన పని చేశారు. మనం రోజూ వాడే పది అంకెలను పక్కనపెట్టి, 0, 1 అనే రెండు అంకెలతోనే లెక్క నడిపారు. నేటి కంప్యూటర్లన్నీ నడిచేది ఆ పద్ధతిలోనే. ఒక వైపు 127, మరో వైపు 127 గళ్ళున్న పెద్ద చదరంగపు బల్లను వూహించుకోండి. గడిలో పావు వుంటే 1, లేకపోతే 0. గుణకారమంటే పావుల వరుసను ఒక్కొక్క గడి జరిపి కింది వరుసలో పెట్టుకుంటూ పోవడమే. ఒక నిలువు వరుసలో రెండు పావులుంటే ఆ రెండూ తీసేసి పక్క వరుసలో ఒకటి పెడతాము. అదే కూడిక.

మరి భాగహారం? అసలు కిటుకు ఇక్కడే వుంది. గడియారంలో 12 దాటితే మళ్ళీ 1 దగ్గరికి వస్తాము కదా. అలాగే 127వ గడి దాటిన పావును తెచ్చి మొదటి గడిలో పెడితే చాలు, భాగించి శేషం తీసినట్లే. అంతటి భాగహారం పావును చుట్టు తిప్పడంగా మారిపోయింది. కష్టమైన పనిని ఆటగా మార్చడమే లూకాస్ ప్రతిభ అని మా అభిప్రాయం.

1876 జనవరిలో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు పత్రికలో ఆయన తన ఫలితాన్ని ప్రకటించారు. 39 అంకెల ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే. రెండేళ్ళ తరువాత తన సిద్ధాంతాన్ని విపులంగా రాస్తే, అమెరికాలో అప్పుడే ప్రారంభమైన గణిత పత్రిక మొదటి సంపుటంలో, 1878లో, అది అచ్చయింది.

ఈ సంఖ్య విశేషాలు మరికొన్ని చెప్పుకోవాలి. 2 రెళ్ళతో 3 వస్తుంది. ఆ 3 రెళ్ళతో 7 వస్తుంది. ఆ 7 రెళ్ళతో 127. ఆ 127 రెళ్ళతో లూకాస్ సంఖ్య. గొలుసులోని ప్రతి కడియమూ ప్రధాన సంఖ్యే. తరువాతి కడియం కూడా ప్రధానమేనా అనేది ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టని ప్రశ్న. ఇక రెండవ విశేషం. తన కారణాంకాల మొత్తానికి తానే సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 1, 2, 3 కలిపితే 6 కనుక 6 అలాంటిది. మెర్సెన్ ప్రధాన సంఖ్య ఒకటి దొరికితే దాని నుంచి ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ చెప్పారు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ రూపంలోనే వుంటాయని చెప్పే దిశగా మొదట ప్రయత్నించినవారు ఇబ్న్ అల్ హైతమే. లూకాస్ సంఖ్య వల్ల 77 అంకెల పరిపూర్ణ సంఖ్య ఒకటి లోకానికి తెలిసింది.

కుండ పగిలిందని చెప్పారు, పగులు చూపలేదు

మెర్సెన్ జాబితాలో 67 కూడా వుందని చెప్పాము. లూకాస్ తన పరీక్షను దానికి కూడా పెట్టారు. అది ప్రధాన సంఖ్య కాదని అదే 1876లో తేలింది. రెండు వందల ఏళ్ళుగా గౌరవం పొందిన జాబితాలో తప్పు వుందని ఒక బడిపంతులు చెప్పారన్నమాట. అయితే దాని కారణాంకాలు ఏవి? అది ఆయన చెప్పలేదు, ఆయన పరీక్ష చెప్పదు కూడా. కుండను వేలితో తట్టి, ధ్వనిని బట్టి పగిలిందని చెప్పగలం గాని పగులు ఎక్కడుందో చెప్పలేం కదా, అలాగ.

ఆ పగులును 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ చూపించారు. న్యూయార్కులో జరిగిన అమెరికా గణిత సంఘ సమావేశంలో ఆయన నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, 193707721 ను 761838257287 తో గుణించి, ఫలితం సరిగ్గా ఆ మెర్సెన్ సంఖ్యే అని చూపి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నారని చెబుతారు. లూకాస్ మాట నిజమైంది. కాని అప్పటికి ఆయన లోకంలో లేరు.

హనోయ్ గోపురం

మన ఇళ్ళలో పిల్లలు ఆడే ఒక బొమ్మ వుంది. మూడు పుల్లలు, ఒక పుల్లకు పెద్ద నుంచి చిన్న దాకా పేర్చిన బిళ్ళలు. ఒకసారికి ఒక బిళ్ళనే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, అన్నింటినీ మరో పుల్లకు చేర్చాలి. ఈ ఆటను 1883లో బయటికి తెచ్చింది లూకాసే అని చాలామందికి తెలియదు. తన పేరు పెట్టుకోకుండా సయాముకు చెందిన క్లాస్ అనే కల్పిత పండితుని పేరు పెట్టారు. ఫ్రెంచిలో ఆ అక్షరాలను తారుమారు చేస్తే అమియాఁ లూకాస్ అని వస్తుంది. మనిషి ఎంత సరదా మనిషో చూశారా!

ఈ ఆటకు కాశీ ఆలయంలో 64 బంగారు బిళ్ళలున్నాయనీ, అర్చకులు వాటిని రాత్రింబవళ్ళు మారుస్తున్నారనీ, అవి పూర్తయిన నాడు లోకం అంతమవుతుందనీ ఒక కథ కూడా ప్రచారంలోకి వచ్చింది. అది కల్పన మాత్రమే. కాని లెక్క నిజం. 3 బిళ్ళలకు 7 ఎత్తులు, 7 బిళ్ళలకు 127 ఎత్తులు పడతాయి. ప్రతిసారీ వచ్చేది మెర్సెన్ సంఖ్యే. 64 బిళ్ళలకు 18446744073709551615 ఎత్తులు. చదరంగం గళ్ళలో ఒక గింజ, రెండు గింజలు, నాలుగు గింజలు అంటూ రెట్టింపు చేసే పాత లెక్కకు అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలోనే ఇదే జవాబు రాసి పెట్టారు. క్షణానికి ఒక ఎత్తు వేసినా 58 వేల కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇక 127 బిళ్ళల గోపురానికి పట్టే ఎత్తులు ఎన్నంటే, అవి లూకాస్ సాధించిన ఆ 39 అంకెల సంఖ్య అన్ని. ఆయన పిల్లలకు ఇచ్చిన బొమ్మలోనే తన జీవిత కాలపు సాధన దాగి వుంది.

1882 నుంచి ఆయన గణిత వినోదాల మీద నాలుగు సంపుటాల గ్రంథాన్ని వెలువరించడం ప్రారంభించారు. చివరి రెండు సంపుటాలు ఆయన మరణానంతరం వచ్చాయి. 1891లో సంఖ్యా సిద్ధాంతం మీద పెద్ద గ్రంథం మొదటి భాగం అచ్చయింది. రెండవ భాగం రాలేదు.

అకాల మరణం

ఎందుకు రాలేదో చెప్పడానికి మనసు రాదు గాని చెప్పక తప్పదు. 1891లో మార్సెయ్ నగరంలో ఫ్రెంచి విజ్ఞానాభివృద్ధి సంఘం వార్షిక సమావేశం జరిగింది. లూకాస్ హాజరయ్యారు. విందు జరుగుతుండగా వడ్డించే మనిషి చేతిలోని పింగాణీ పళ్ళాలు జారి పడి పగిలాయి. ఒక పెంకు ఎగిరివచ్చి లూకాస్ చెంపకు తగిలి గాయం చేసింది. చిన్న గాయమే. కాని చీము పట్టి, చర్మానికి ఒళ్ళంతా విషమెక్కించే జబ్బుగా మారింది. పెన్సిలిన్ రావడానికి ఇంకా చాలా సంవత్సరాలు వున్న కాలం అది. 1891 అక్టోబరు 3న పారిస్‌లో ఆయన కన్నుమూశారు. వయస్సు 49 మాత్రమే.

మరణించేనాటికి ఆయన పెద్ద ఫలితం మీద ఇంకా అందరికీ పూర్తి నమ్మకం కుదరలేదు. 125 మెట్ల లెక్కలో ఎక్కడా చేయి జారలేదని చెప్పేదెవరు? 1914లో ఫోకెంబెర్గ్ అనే ఫ్రెంచి గణకుడు అదే సంఖ్యను మళ్ళీ మొదటి నుంచి పరీక్షించారు. చివరి మెట్టులో సున్నే వచ్చింది. చనిపోయిన 23 ఏళ్ళకు లూకాస్ లెక్క సరైనదని రూఢి అయింది. మెర్సెన్ జాబితాలో తప్పులు కూడా క్రమంగా పూర్తిగా తేలాయి. 67, 257 తప్పు. 61, 89, 107 విడిచిపోయినవి. 127 మాత్రం నిలబడింది.

ఆయన తరువాత

1930లో అమెరికాలో లేమర్ అనే గణితజ్ఞుడు ఈ పరీక్షను మరింత చక్కబరిచారు. 3 బదులు 4 తో మొదలుపెడితే 2 ను మించిన ప్రధాన సంఖ్యలన్నింటికీ, అంటే రెళ్ళ లెక్క 3, 5, 7, 11 ఏదైనా సరే, ఒకే నియమం సరిపోతుంది. నేడు దాన్ని లూకాస్–లేమర్ పరీక్ష అంటున్నారు. 1951లో లూకాస్ రికార్డు పోయింది. పోయిన తీరు కూడా ఆయనకు గౌరవమే తెచ్చింది. ఆ ఏడాది కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే కంప్యూటర్ మీద సాధించిన 79 అంకెల ప్రధాన సంఖ్యను లూకాస్ సంఖ్య వర్గాన్ని 180 తో గుణించి 1 కలిపి తయారుచేశారు. శిష్యుడు గురువు భుజం మీద నిలబడి ఎత్తు చూపినట్లుంది. 1952 జనవరిలో లాస్ ఏంజలిస్‌లోని స్వాక్ యంత్రం మీద రాబిన్సన్ ఇదే పరీక్షతో 521 రెళ్ళ సంఖ్యను సాధించారు. 1996 నుంచి వేలాది మంది తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని ఈ అన్వేషణకు ఇస్తున్నారు. 2024 అక్టోబరులో వారు ప్రకటించిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని ఖరారు చేయడానికి వాడినదీ లూకాస్–లేమర్ పరీక్షే. మూలాఁ పట్టణంలోని ఒక ఉపాధ్యాయుడు పావులు జరుపుతూ ఆలోచించిన పద్ధతి నాలుగు కోట్ల అంకెల దాకా వచ్చింది.

దీనివల్ల తిండికి గుడ్డకు ఏం లాభమని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద ప్రధాన సంఖ్యలు రహస్య సందేశాలను కాపాడే లెక్కలకు ఆధారమయ్యాయి. 127 రెళ్ళ ఆ సంఖ్య మీదనే ఆధారపడిన సందేశ రక్షణ పద్ధతి ఒకటి 2015లో వెలువడింది. కాని లూకాస్ దాన్ని చూసి పనిచేయలేదు. నిజమేదో తేల్చుకోవాలని చేశారు. లాభం తరువాత తరాలకు చేరింది.

ఆయన జీవితం నుంచి మన కుటుంబాలు తీసుకోవలసినది ఏమిటని ఆలోచిస్తే మాకు మూడు సంగతులు తోస్తున్నాయి. చిన్న వూరు, చిన్న ఉద్యోగం పెద్ద పనికి అడ్డు కావు. పేరున్నవారు చెప్పినంత మాత్రాన జాబితా నిజం కాదు, పరీక్షకు నిలబడాలి. మనం చేసిన పని సరైనదైతే మనం పోయిన తరువాతైనా నిలబడుతుంది.

చివరిగా ఇంట్లో పిల్లలకు ఒక చిన్న పని అప్పగించండి. అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకు కూడా. 31 అంటే అయిదు రెళ్ళ సంఖ్య. 4 తో మొదలుపెట్టమనండి. వర్గంలోంచి 2 తీస్తే 14. మళ్ళీ అలాగే చేస్తే 194, దాన్ని 31 తో భాగిస్తే శేషం 8. ఎనిమిది ఎనుములు 64, రెండు తీస్తే 62, శేషం సున్న. నాలుగవ మెట్టులో సున్న వచ్చింది కనుక 31 ప్రధాన సంఖ్య. అది అయ్యాక 2047 ఇచ్చి చూడండి. పదవ మెట్టులో సున్న రాదు, 1736 వస్తుంది. ఆ మెట్లన్నీ తప్పులేకుండా ఎక్కి 1736 దగ్గరికి చేరిన పిల్లవాడికో పిల్లకో వీపు తట్టి, లూకాస్ అనే మాష్టారు ఇలాంటి మెట్లు నూట పాతిక ఎక్కారని చెప్పండి.